ఉద్యోగం చేస్తూ ఫిలాసఫీ ఎం.ఏ. దేనికి?

ఫిలాసఫీ ఎం.ఏ.లో చేరానని ఫోన్లో చెప్పగానే మా నాన్నగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "ఆఫీసులో అంతా బాగానే ఉంది కదరా?" అనడిగారు. ఉద్యోగం ఊడిందేమోనని ఆయన భయం. కాలేజీ మిత్రుడొకడు "ఏంట్రా, కాషాయం కట్టేస్తావా?" అన్నాడు. వాళ్ళననడానికేం లేదు. మన దగ్గర "వాడు వేదాంతం చెబుతున్నాడు" అంటే చేతకాక చేతులెత్తేశాడనే అర్థం. షేర్లలో పోగొట్టుకున్నవాడు, ప్రమోషన్ రానివాడు చెప్పేది వేదాంతం. నలభై దగ్గరపడుతున్న సాఫ్ట్‌వేరు వాడు, ఇంటి లోను సగం కూడా తీరనివాడు, సొంత డబ్బు పోసి మరీ రెండేళ్ళు ఫిలాసఫీ చదువుతానంటే ఎవరికైనా అనుమానం రావాల్సిందే.

ఆ చదువు 2015లో అయిపోయింది. ఇప్పటికీ ఆఫీసులో కొత్తగా పరిచయమైనవాళ్ళు, ముఖ్యంగా మనవాళ్ళు, ఇదే అడుగుతారు: "దానివల్ల మీకేం ఉపయోగపడిందండీ?" ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. "లాజికల్ థింకింగ్ పెరుగుతుందండీ" అంటే చాలు, తలూపి వదిలేస్తారు. అది నిజం కాదు. అసలు జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక వెధవపని గురించి కూడా చెప్పాలి. అందుకే ఇంతకాలం చెప్పలేదు.

ముందు నేను చదివిందేంటో చెబుతాను. వేదాంతం కాదు, అనలిటిక్ ఫిలాసఫీ. టూకీగా, 1879లో ఫ్రేగె అనే జర్మన్ లెక్కల మేష్టారు కొత్త తర్కశాస్త్రాన్నంతా ఒక చిన్న పుస్తకంలో పెట్టడంతో మొదలై, రస్సెల్, మూర్, విట్గెన్‌స్టైన్ మీదుగా నడిచిన దారి. ఇందులో జీవితానికి అర్థమేంటి అని నేరుగా అడగరు. "అర్థం" అన్నమాటకి అర్థమేంటి అని అడుగుతారు. (ఇది విన్నాక మా ఆవిడ "దీనికి డబ్బులు కూడా కట్టేశావా?" అంది.)

ఒక ఉదాహరణ. "విజయనగర సామ్రాజ్యపు ప్రస్తుత చక్రవర్తికి బట్టతల." ఇది నిజమా, అబద్ధమా? అబద్ధమే అంటారు. సరే, అయితే "ఆయనకి బట్టతల లేదు" అన్నది నిజమా? లోకంలో బట్టతల ఉన్నవాళ్ళందర్నీ ఒక వరసలో, లేనివాళ్ళందర్నీ ఇంకో వరసలో నిలబెడితే ఆయన ఏ వరసలోనూ దొరకడు. రస్సెల్ 1905లో, ఫ్రాన్సు రాజుని పెట్టి, ఇలాంటి చిక్కునే విప్పాడు. ఆ ఒక్క వాక్యంలో మూడు వాక్యాలు దాక్కున్నాయి: అలాంటి చక్రవర్తి ఒకడున్నాడు, ఒక్కడే ఉన్నాడు, వాడికి బట్టతల. మొదటిదే తప్పు కాబట్టి మొత్తం తప్పు. "లేదు" అన్నమాట ఏ ముక్కని కొడుతోందో చూసుకుంటే రెండో ప్రశ్న కూడా విడిపోతుంది. నల్ పాయింటర్ ఎక్సెప్షన్లతో కాపురం చేసే మనకి ఈ చక్రవర్తి బాగా తెలిసినవాడే. అన్నట్టు, ఆ నల్ రిఫరెన్సుని 1965లో కనిపెట్టి, 2009లో అది తన "బిలియన్ డాలర్ల తప్పు" అని ఒప్పుకున్న టోనీ హోర్ ఆక్స్‌ఫర్డ్‌లో డిగ్రీకి చదివింది ప్రాచీన భాషలూ, ఫిలాసఫీయే.

ఇలాంటి ఉదాహరణలు చూపించి "ప్రోగ్రామర్లకి ఫిలాసఫీ ఎంత మంచిదో!" అనేవాళ్ళున్నారు. నమ్మకండి. రెండేళ్ళ చదువు తర్వాత నా కోడ్ వీసమెత్తు కూడా బాగుపడలేదు. మన పనికి కావల్సిన లాజిక్కు మనకి ముందే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే అదే అడ్డం పడుతుంది. ప్రతిదానికీ ఒక సరైన జవాబుంటుందనీ, టెస్టులు పాసైతే పని అయిపోయినట్టేననీ అలవాటుపడిన బుర్ర మనది.

చేరింది లండన్లో, బర్క్‌బెక్ కాలేజీలో, 2013లో. 1823లో పగలంతా పనిచేసుకునే కార్మికుల కోసం పెట్టిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూటే తర్వాత ఈ కాలేజీ అయింది. సాయంత్రం పాఠాలకి దానికి పెద్ద పేరు. పార్ట్ టైం అయితే ఎం.ఏ. రెండేళ్ళు. కేనరీ వార్ఫ్‌లో ఐదింటికి ఎవరికీ కనపడకుండా లేచి, జూబిలీ లైనెక్కి, గ్రీన్ పార్కులో మారి, రస్సెల్ స్క్వేర్లో దిగి పరుగెత్తేవాణ్ణి. (ఆ చౌకు పేరు మన బెర్ట్రండ్ రస్సెల్ వంశానిదే, ఆయన తాతగారి ఇంటివాళ్ళు బెడ్‌ఫర్డ్ డ్యూకులు.) క్లాసులో ఒక నర్సు, ఒక లాయరు, రిటైరైన లెక్కల టీచరు ఒకాయన, ఇంకా నాలాంటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు. అందరి చేతుల్లోనూ శాండ్‌విచ్, అందరి కళ్ళల్లోనూ నిద్ర.

వారానికి చదవాల్సింది చూస్తే ఇరవై, ముప్ఫై పేజీలు. ఇంతేనా అనుకున్నాను. వెయ్యి పేజీల మాన్యువల్ వారాంతంలో నమిలేసే జాతి కదా మనది. మొదటి వ్యాసం నాలుగు పేజీలకి ఒక ఆదివారం పట్టింది. ఈ మాటే ఎందుకు వాడాడు, పై పేరాలో వేరే మాట వాడాడే, అని వెనక్కీ ముందుకీ తిరగడమే. ఇలాంటివి చదవడానికి పార్ట్ టైమే మంచిదని నా అభిప్రాయం. ఫుల్ టైం వాడికి వారానికి మూడు నాలుగు సబ్జెక్టులు మీద పడతాయి. మనకి ఒక్కటే. గురువారం విన్నది బుధవారం దాకా బుర్రలో ఊరుతుంది. పైగా పగలంతా మనుషులు వాదించుకునే చోట కూర్చుంటాం, సరుక్కి కరువుండదు.

నా మొదటి వ్యాసాన్ని డిజైన్ డాక్యుమెంటులా రాశాను. బుల్లెట్లు, హెడ్డింగులు, చివర్లో "కావున నిరూపించబడినది" లాంటి ధోరణి. మార్కులు చెప్పుకునేలా రాలేదు. దాని మీద మేడం రాసినదాని సారాంశం ఇది: నీ ప్రత్యర్థిని తెలివితక్కువవాడిగా చూపించి గెలిచావు, అతనే వచ్చి రాస్తే ఏం రాసేవాడో అది రాసి అప్పుడు గెలువు. మనకిది కొత్త సంగతేం కాదు, పూర్వపక్షం అంటే అదే కదా. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడేనని గర్వంగా చెప్పుకుంటాం. అయినా రివ్యూ మీటింగుల్లో పదిహేనేళ్ళుగా నేను చేస్తున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. అవతలివాడి మాటల్లో బలహీనమైనదాన్ని పట్టుకుని, దాన్నే వాడి వాదమంతా అన్నట్టు పీకి పందిరేసేవాణ్ణి. గట్టిగా మాట్లాడతాను కాబట్టి గెలిచేవాణ్ణి. లీడ్ అవడానికి ఆ గుణం కూడా కొంత పనికొచ్చింది. ఈ అలవాటుతోనే ఆ వెధవపనీ చేశాను.

2011 సంగతి. అప్పుడు నేను ఒక కంపెనీ తరఫున లండన్లో ఆన్‌సైట్ లీడ్‌ని. టీమంతా హైదరాబాదులో. మా బ్యాచ్ జాబ్ ఒకటి రోజూ రాత్రి పేమెంట్లని క్లయింటు వాళ్ళ ఇంకో సిస్టానికి పంపేది. కొంతసేపట్లో జవాబు రాకపోతే మళ్ళీ పంపేది. ఆ "కొంతసేపు" కాన్ఫిగ్ ఫైల్లో 300 సెకన్లని ఉండేది. జాబ్ బాగా ఆలస్యమవుతోంది, దాన్ని 30 చెయ్యండని క్లయింటే టికెట్ వేశాడు. హైదరాబాదులో ఒక కుర్రాడు, చేరి ఏడాది కూడా కాలేదు, అలాగే మార్చాడు. నెలాఖరు రాత్రి అవతలి సిస్టం నెమ్మదించింది. పేమెంట్లు అందుతున్నాయి గానీ జవాబు రావడానికి నిమిషం, రెండు నిమిషాలు పడుతోంది. మా జాబ్ 30 సెకన్లు చూసి, అందలేదనుకుని, మళ్ళీ పంపింది. ఒకే పేమెంటు రెండోసారి వస్తే పట్టుకునే చెక్ అవతల లేదు. తేడాగా ఉందని అలర్ట్ మెయిలైతే వెళ్ళింది, కానీ ఎప్పుడో ఎత్తేసిన టీము ఐడీకి వెళ్ళింది. తెల్లారేసరికి నాలుగు వేల పైచిలుకు పేమెంట్లు రెండేసిసార్లు పోయాయి.

సోమవారం మీటింగు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు అన్నట్టుగా సాగింది. ఆర్.సి.ఏ. రాసే పని నా మీద పడింది. టెంప్లేటులో "రూట్ కాజ్" అని గడి ఉంటుంది, ఒక్కటే గడి. అందులో నేను రాసింది: "ఇంపాక్ట్ ఎనాలిసిస్ చెయ్యకుండా డెవలపర్ టైమౌట్ విలువ మార్చడం." క్లయింటుకి నచ్చింది. మా మేనేజరుకి ఇంకా నచ్చింది. రెండు వారాల్లో ఆ కుర్రాణ్ణి ప్రాజెక్టులోంచి తీసి బెంచ్ మీద కూర్చోబెట్టారు. వాడు నాకో మెయిల్ పెట్టాడు. "అన్నా, టికెట్లో అడిగిందే కదా నేను చేసింది?" నేను జవాబివ్వలేదు. కొన్నాళ్ళకి కంపెనీ మారిపోయాడని విన్నాను.

అప్పట్లో నాకు పెద్దగా బాధ కూడా లేదు. రాసింది నిజమేగా అన్న ధీమా. వాడు మార్చకపోయుంటే జరిగేది కాదు కదా?

2014 మొదట్లో క్లాసులో కారణాల గురించి వచ్చింది. ఒకటి ఇంకోదానికి కారణం అంటే ఏంటి అని. చదవమన్నది డేవిడ్ లూయిస్ 1973 వ్యాసం. చాలా ముతకగా చెబితే: మొదటిది జరగకపోయుంటే రెండోది జరిగేది కాదు అనగలిగితే, మొదటిది రెండోదానికి కారణం. నా ధీమా వాక్యం అచ్చంగా అదే! ఫర్వాలేదే, ఇంత పెద్దాయన నా పక్షమే అనుకుని, ఇంటికెళ్ళే రైల్లో సరదాగా నోట్‌బుక్ వెనక పేజీలో నా ఆర్.సి.ఏ.ని ఆ సూత్రంలో పెట్టి చూశాను.

కుర్రాడు టైమౌట్ మార్చకపోయుంటే జరిగేది కాదు. నిజం. అవతల డూప్లికేట్ చెక్ ఉండుంటే జరిగేది కాదు. అదీ నిజం. క్లయింటు టికెట్ వెయ్యకపోయుంటే, నెలాఖరు కాకపోయుంటే, ఆ అలర్ట్ ఐడీని ఎవరైనా మార్చి ఉంటే. అన్నీ పాసే. ఇంకా ఏమున్నాయా అని ఆలోచిస్తుంటే చెయ్యి ఆగిపోయింది. రివ్యూలో ఆ మార్పుని అప్రూవ్ చేసినవాడు చెయ్యకపోయుంటే?

అప్రూవ్ చేసింది నేనే. ఐదు నిమిషాలు కూడా చూడలేదు.

ఇంటికెళ్ళి వ్యాసం మళ్ళీ తీశాను. మొదటిసారి నేను గబగబా దాటేసిన చోట లూయిస్ ముందే చెప్పి ఉన్నాడు, ఉన్న కారణాలన్నిట్లోంచి ఒకదాన్ని ఏరి "అసలు కారణం ఇదీ" అని మనుషులు చూపించే పద్ధతి గురించి తనేమీ చెప్పబోవడం లేదని. మిల్ అయితే 1843లోనే అన్నాడు, నిజంగా కారణమంటే ఆ పరిస్థితులన్నీ కలిపి అని. మరి మనం ఒక్కదాన్నే ఎలా ఏరతాం? హార్ట్, ఆనరే 1959లో కోర్టు కేసుల మీద రాసిన పుస్తకంలో చెప్పిందేంటంటే, మామూలుకి భిన్నంగా కనిపించినదాన్నో, మనిషి కావాలని చేసిన పనినో పట్టుకుని అక్కడ ఆగిపోతాం అని.

2008లో నోబ్, ఫ్రేజర్ అని ఇద్దరు ఒక ప్రయోగం అచ్చువేశారు. ఆఫీసులో రిసెప్షనిస్టు బల్ల మీద పెన్నులుంటాయి. గుమాస్తాలు తీసుకోవచ్చు, ప్రొఫెసర్లు తీసుకోకూడదు అని నియమం. అయినా ఇద్దరూ తీసుకుంటూనే ఉంటారు. ఒకరోజు ఒక గుమాస్తా, ఒక ప్రొఫెసరు చెరొకటి తీసుకున్నారు. తర్వాత ముఖ్యమైన సందేశం రాసుకోవడానికి పెన్ను లేకుండా పోయింది. ఎవరివల్ల? ఇద్దరూ చేసింది ఒకటే పని. కానీ జనం ఎక్కువగా చూపించింది ప్రొఫెసర్నే. అంటే "ఎవరివల్ల జరిగింది" అన్న ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడే మనం "ఎవరు చెయ్యకూడనిది చేశారు" అన్న తీర్పుని అందులో కలిపేస్తున్నాం. కలిపినట్టు మనకే తెలీదు.

నేను చేసిందీ అదే, ఇంకాస్త నీచంగా. క్లయింటుని అనలేం. అవతలి సిస్టం వేరే వెండార్‌ది, అంటే గొడవ. మెయిల్ ఐడీ ఇన్‌ఫ్రా వాళ్ళది, రేపు మళ్ళీ వాళ్ళతోనే పని. నా పేరు నేనెలాగూ రాసుకోను. మిగిలింది హైదరాబాదులో కుర్రాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందంటారే, అది. ఇలా ఏరి పట్టుకొచ్చినదాన్ని, ఏదో లాగ్ ఫైల్లో దొరికినట్టు, "రూట్ కాజ్" అని రాసి సంతకం పెట్టాను. వాక్యంలో ప్రతి మాటా నిజమే. అదే బాధ.

ఆ టర్ము వ్యాసం దీని మీదే రాశాను, పేర్లు తీసేసి. మేడం అడిగారు, దీనికి నీ పూర్వపక్షం ఏది అని. నా మీద నేను జాలిపడటం కాదు కదా కావల్సింది. ఆలోచిస్తే అదీ ఉంది. ఏరడమే తప్పంటే ఏ తప్పునీ సరిదిద్దలేం. రేపు ఏం మార్చాలో తేల్చాలంటే ఏదో ఒకటి ఏరాల్సిందే. ఆ కుర్రాడిది అసలు తప్పే లేదా అంటే, నెలాఖరు సంగతేంటని ఒక్క ప్రశ్న వాడూ అడగాల్సింది. అడగలేదు. కాబట్టి ఏరడం మీద నాకు పేచీ లేదు. ఏరుతున్నామని తెలిసి ఏరాలి, ఎందుకు ఇది ఏరామో పక్కన రాయాలి. అప్పుడు "వీడి మీద పడేస్తే మనకి గొడవుండదు కాబట్టి" అని రాయడానికి చెయ్యి రాదు.

దీనికి ఎం.ఏ. ఎందుకు, అని మీరనొచ్చు. రిచర్డ్ కుక్ అనే డాక్టరు, సంక్లిష్టమైన వ్యవస్థలు ఒక్క కారణంతో కూలవని 1998లోనే రాశాడు. ఎట్సీ నుంచి జాన్ ఆల్స్పా 2012లో నింద లేని పోస్ట్‌మార్టమ్‌ల గురించి రాశాడు. గూగుల్ వాళ్ళ ఎస్.ఆర్.ఈ. పుస్తకం 2016లో వచ్చింది, దాంట్లో దీని మీద ఒక అధ్యాయమే ఉంది. ఇప్పుడు చాలా కంపెనీల్లో ఆర్.సి.ఏ.లో మనిషి పేరు రాయకూడదని రూలు. మంచిదే. ఆ రూలు 2011లో ఉండుంటే ఆ కుర్రాడు బతికిపోయేవాడు. నేనూ బతికిపోయేవాణ్ణి, అదే నా అభ్యంతరం. "డెవలపర్" అన్నచోట "ప్రాసెస్ గ్యాప్" అని రాసేవాణ్ణి. అదే ఒక్క గడి, అదే ధీమా. ఐదు నిమిషాల్లో అప్రూవ్ కొట్టినవాడు ఆ ప్రాసెస్ అనే మాట వెనక హాయిగా దాక్కునేవాడు. ఎవర్నీ అనొద్దు అని ఆ రూలు చెబుతుంది. నువ్వు రాసింది కనిపెట్టినదా, ఎంచుకున్నదా అని అడగదు. ఆ ప్రశ్న నాకు ఏ ట్రైనింగులోనూ తగల్లేదు.

ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చుగా, అన్నది ఇంకో ప్రశ్న. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ ఫిలాసఫీ ఎన్‌సైక్లోపీడియా 1995 నుంచీ నెట్లో ఉచితంగానే ఉంది, చాలా మంచిది. నేనూ చేరక ముందు రెండేళ్ళు అలాగే చదివాను. ఒక్కణ్ణే చదివినన్నాళ్ళూ ప్రతి పేజీలో నేను ముందే అనుకున్నవే కనిపించాయి. లూయిస్‌ని కూడా మొదటిసారి అలాగే చదివాను కదా. నా వ్యాసాన్ని ఒక మనిషి ఎర్ర సిరాతో గీసి, "ఇది నువ్వు చూపించలేదు, అనుకున్నావంతే" అంటే గానీ బుర్రకెక్కలేదు. ఫీజు కట్టింది ఆ ఎర్ర సిరాకి.

ఖర్చు డబ్బొక్కటే కాదు. రెండేళ్ళ పాటు వారంలో సాయంత్రాలు, దాదాపు అన్ని ఆదివారాలు. మా అమ్మాయి స్కూలు నాటకం ఒకటి పోయింది, అది ఇంకా గుర్తుచేస్తుంది. మా ఆవిడ ఓపిక గురించి రాయడం మొదలెడితే వేరే వ్యాసమవుతుంది. ఆఫీసులో నాకు మంచి కూడా జరగలేదు. మీటింగుల్లో "ఉండండి, అవతలివాళ్ళు చెప్పింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ఒకసారి చెబుతాను" అనడం మొదలెట్టాక, నాకు పదును తగ్గిందని అప్రైజల్లో రాశారు. :)

ఆ టర్ము అయ్యాక కుర్రాడి మెయిల్ ఐడీ సంపాదించి రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను. మొదట రాసిన మూడిట్లోనూ ఎక్కడో ఒకచోట "ఆ పరిస్థితుల్లో" అన్నమాట దొర్లింది. చివరిదాంట్లో జరిగింది జరిగినట్టు, రివ్యూ చేసింది నేనేనని, ఆర్.సి.ఏ.లో అది రాయలేదని, నీ మెయిల్‌కి కావాలనే జవాబివ్వలేదని రాసి పంపాను. రెండు వారాలకి వచ్చింది. "పర్లేదన్నా, ఇప్పుడు బాగానే ఉన్నా. రివ్యూ మీరే చేశారని నాకు అప్పుడే తెలుసు. టూల్లో కనపడుతుంది కదా. మీరే చెబుతారేమో అని చూశా." అంతే. తర్వాత పండగలకి మెసేజ్ పెడితే జవాబిస్తాడు, తనంతట తను పెట్టడు.

ఎవరైనా చేరాలనుకుంటుంటే, ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇగ్నోలో దూరవిద్య ఎం.ఏ. ఉంది, అందులో మన దర్శనాలు, పాశ్చాత్యం రెండూ వస్తాయి. అయితే ముందు డబ్బులు కట్టకండి. గెటియర్ 1963లో రాసిన మూడు పేజీల వ్యాసం ఒకటుంది, అది చదవండి. మన భాషలో అది ఇలా ఉంటుంది: ఫిక్స్ ప్రొడక్షన్‌కి వెళ్ళిందని మీరు నమ్మారు, డాష్‌బోర్డ్ పచ్చగా ఉంది కాబట్టి. నిజంగానే వెళ్ళింది కూడా. కానీ ఆ డాష్‌బోర్డ్ చూస్తున్నది పాత సర్వర్‌ని. మరి ఫిక్స్ వెళ్ళిందని మీకు తెలుసా, తెలీదా? దాదాపు 1200 ఏళ్ళ ముందు ధర్మోత్తరుడనే బౌద్ధ తార్కికుడు ఇలాంటిదే చెప్పాడు. అప్పుడే నిప్పు రాజేశారు, పొగ ఇంకా రాలేదు, మాంసానికి మూగిన పురుగుల గుంపుని దూరం నుంచి చూసి పొగ అనుకుని, అక్కడ నిప్పుందన్నాడొకడు. నిప్పు ఉంది. వాడికి తెలుసా? ఇది చదివి "అయితే ఏంటి?" అనిపిస్తే మంచిదే, డబ్బులు మిగిలాయి. ఆఫీసులో డాష్‌బోర్డ్ చూసినప్పుడల్లా గుర్తొస్తుంటే మాత్రం ఒకసారి ఇంట్లో అడిగి ఫారం నింపండి.